కాలువలో పడ్డ ట్రాలీని ఎవరు తీయాలి?

కాలువలో సూపర్‌మార్కెట్ ట్రాలీలు మూడు పడి ఉన్నాయి, ఎవరికి చెప్పినా మాది కాదంటున్నారు, అసలు బాధ్యత ఎవరిదని అడిగారు. నా సమాధానం సూటిగా చెప్తాను: తీయించాల్సింది షాపు వాళ్లే.

పడేసినవాడిదే తప్పు, అందులో అనుమానం లేదు. కానీ వాడెవడో తెలిసేదెలా? ట్రాలీ హ్యాండిల్ మీద షాపు పేరు మాత్రం స్పష్టంగా కనిపిస్తూ ఉంటుంది.

నేను రెండేళ్లుగా సెలవు రోజుల్లో కాలువలు శుభ్రం చేసే వాలంటీర్లతో వెళ్తున్నాను. ఒకసారి సగం దాకా ఒండ్రు నిండిన ట్రాలీకి కొక్కెం తగిలించి, నలుగురం తాడు పట్టుకుని అరగంట లాగితే గానీ కదల్లేదు. దానికి చుట్టుకున్న నాచు, కవర్లు, సీసాలు అన్నీ కలిసి ఒక చిన్న అడ్డుకట్టలా తయారయ్యాయి, లోపల చేపపిల్లలు కూడా ఉన్నాయి (వాటిని నీళ్లలోకి వదిలాకే ట్రాలీని గట్టెక్కించాలి, చాలామంది ఇది మర్చిపోతారు). షాపుకి ఫోన్ చేస్తే, మా వ్యాన్ రోడ్ల మీద ఉన్నవాటినే ఎత్తుతుంది అన్నారు. కాలువ చూసుకునేవాళ్లు అది షాపు వస్తువు అన్నారు, కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటి స్థానిక సంస్థ) వాళ్లు నీళ్లు మా పరిధిలోకి రావు అన్నారు. సరే ఎవరో ఒకరు వస్తారులే అని గట్టు మీద పెట్టి వెళ్లాం. వారం తర్వాత చూస్తే అదే ట్రాలీ మళ్లీ నీళ్లలో ఉంది! ఆ రోజు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

చట్టాలు లేవని కాదు. బ్రిటన్‌లో 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం ప్రకారం, వదిలేసిన ట్రాలీలను కౌన్సిల్ స్వాధీనం చేసుకోవచ్చు, సొంతదారుకి నోటీసు ఇచ్చి ఆరు వారాలు ఉంచి, అప్పటికీ తీసుకెళ్లకపోతే అమ్మేయొచ్చు, ఖర్చు షాపు దగ్గర వసూలు చేయొచ్చు. అయితే ఆ నిబంధనలు తమ పరిధిలో అమలవుతాయని ముందు కౌన్సిల్ తీర్మానం చేసుకోవాలి, చేసుకోకపోతే అవి కాగితం మీదే ఉంటాయి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 2021లో తెచ్చిన చట్టం ఇంకా నయం, ట్రాలీలను తిరిగి తీసుకెళ్లే బాధ్యతను నేరుగా సొంతదారు మీదే పెట్టింది.

షాపులు తలచుకుంటే ట్రాలీ బయటికే రాదు. నాణెం వేస్తే గానీ విడిపడని తాళాలున్నాయి, వాటి మీద నాకు పెద్ద నమ్మకం లేదు, ఒక్క నాణెం కోసం వెనక్కి నడిచేవాళ్లు తక్కువ. ఆవరణ చుట్టూ నేలలో వైరు పాతి, ఆ గీత దాటగానే చక్రం బిగుసుకుపోయేలా చేసే ఏర్పాటు చాలా మేలు. ఖర్చవుతుంది, నిజమే, కానీ ఆ ఖర్చు తప్పించుకుంటే భారం కాలువ మీద పడుతోంది.

మీరైతే దయచేసి నీళ్లలోకి దిగకండి. బురద ఎంత లోతుందో పైనుంచి తెలియదు, తుప్పు పట్టిన కమ్మీలు కోసుకుంటాయి, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు రావచ్చు. గట్టు మీద నుంచే హ్యాండిల్ మీది పేరు కనబడేలా ఫొటో తీసి, చోటు గుర్తు పెట్టి, షాపుకీ కౌన్సిల్‌కీ కాలువ చూసేవాళ్లకీ విడివిడిగా కాకుండా ఒకే మెయిల్ పంపండి. విడివిడిగా ఫోన్ చేసినన్నాళ్లూ మమ్మల్ని ఒకరి మీదికి ఒకరు తోశారు, అలా కలిపి మెయిల్ పెట్టిన నాలుగో రోజున షాపు మనుషులు వచ్చి ఆ ట్రాలీని తీసుకెళ్లారు.