యాన్ స్టేన్ చిత్రంలో పొగ తాగే పిల్లలు

నెదర్లాండ్స్‌కు చెందిన డచ్ చిత్రకారుడు యాన్ స్టేన్ 1668లో వేసిన ‘ఉల్లాస కుటుంబం’ చిత్రంలో పిల్లలు పొగాకు పైపు పీల్చడాన్ని చిత్రకారుడు మెచ్చుకుంటున్నాడా అని మీరు అడిగారు. మెచ్చుకోవడం లేదండి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉన్న ఆ చిత్రాన్ని తెరపై పెద్దది చేసి, కుడివైపు పైభాగంలో వేలాడుతున్న కాగితాన్ని ఒకసారి చూడండి. పెద్దలు పాడినట్లే పిల్లలు ఊదుతారన్న డచ్ సామెత దాని మీద రాసి ఉంది. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని మనం అనడం లేదూ, అదే భావం. డచ్ భాషలో ఊదే వాద్యానికీ పొగాకు పైపుకూ ఒకే మాట ఉండడం వల్లనే, తండ్రి గ్లాసు పైకెత్తి గొంతెత్తి పాడుతుంటే ఒక పిల్లవాడు వాద్యం ఊదుతున్నాడు, మరొకడు పొడవాటి పైపు పీలుస్తున్నాడు. ఈ శ్లేషను పట్టుకుంటేనే చిత్రం పూర్తిగా అర్థమవుతుందని నా నమ్మకం. ఇలాంటి చిత్రాల వల్లనే చిందరవందరగా ఉన్న ఇంటిని డచ్ వారు నేటికీ ‘యాన్ స్టేన్ సంసారం’ అనే అంటారు.