ఫుడ్ కోర్టులో ఏది ముందు, ఏది తర్వాత?

సీమ వంటలపై పాఠకులు అడిగినవి, మా జవాబులు

ప్రశ్న: మా ఆడబిడ్డ వాళ్లు వైజాగ్ నుంచి వస్తున్నారు. మొత్తం ఆరుగురం. ఫుడ్ కోర్టుకు తీసుకుపోయి మన వంటలన్నీ కొంచెం కొంచెం రుచి చూపించాలని ఉంది. పోయినసారి తలా ఒక కొట్టు దగ్గర నిలబడి అన్నీ తెచ్చి బల్లమీద పెట్టుకున్నాం. సగం చల్లారిపోయాయి, మూడోదానికే కడుపులు నిండిపోయాయి. ఎట్లా చేయాలి?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: అన్నీ ఒకేసారి బల్లమీదికి తేవడమే పొరపాటు. ఒక్కో వంటకు ఒక్కో గడువు ఉంటుందమ్మా. కారం దోసె పెనం దిగిన ఐదు నిమిషాల్లో నోట్లో పడాలి. దోసెకు పూసే ఎర్రకారం నూరేది పచ్చి ఉల్లిగడ్డతో కాబట్టి అందులో నీరుంటుంది, మడిచి పెట్టేకొద్దీ దోసె లోపలివైపు మెత్తబడుతుంది. మిరపకాయ బజ్జీదీ అదే కథ, లోపలి కాయ నుంచి వచ్చే ఆవిరి పైపెచ్చును నానబెడుతుంది. జొన్నరొట్టె చల్లారితే బిరుసెక్కుతుంది, సంగటి ముద్దకు పైన పొర కడుతుంది. బొరుగులతో చేసే ఉగ్గాని మాత్రం పావుగంట ఆగినా చెడదు. పులుసుకైతే తొందరే లేదు.

అందుకని ముందు ఏమీ కొనకుండా ఒక చుట్టు తిరిగి రండి. ఏ కొట్టులో అప్పటికప్పుడు పోస్తున్నారో, ఎక్కడ ముందే చేసి పెట్టుకున్నారో తెలిసిపోతుంది. తర్వాత ఒక్కో వంటే తెప్పించుకోండి, అది అయ్యాకే ఇంకొకటి. దోసె, బజ్జీ మాత్రం బల్లదాకా తేకుండా కొట్టు ముందే నిలబడి తినేయండి.

వరుస ఇట్లా పెట్టుకోండి. మొదట గుంత పొంగణాలు ఒక ప్లేటు, తలా ఒకటి. కారం తక్కువ కాబట్టి నాలుక చెడదు. ఒకటి తుంచి చూడండి. పైన ఎర్రగా ఉండి లోపల పిండి జిగటగా ఉంటే మంట ఎక్కువైందని అర్థం, ఇంకొంచెంసేపు మూతపెట్టి కాల్చమని అడగొచ్చు. తర్వాత ఉగ్గాని రెండు ప్లేట్లు, సగానికి కోసిన బజ్జీలు మూడు. ఆపైన కారం దోసెలు రెండు, ఒక్కోటి మూడు ముక్కలు. అప్పుడు పది నిమిషాలు ఆగి, రాగి సంగటి రెండు ముద్దలు, నాటుకోడి పులుసు ఒక ప్లేటు. సంగటి నమిలే తిండి కాదని చుట్టాలకు ముందే చెప్పండి. నిమ్మకాయంత ముద్ద తుంచి, మధ్యలో బొటనవేలితో గుంట చేసి, పులుసులో ముంచి మింగాలి. నమిలితే పళ్లకు అంటుకుని రుచే తెలియదు. చివర ఓళిగలు (బొబ్బట్లు) రెండు, నెయ్యి వేయించుకుని మూడేసి ముక్కలు.

జొన్నరొట్టె, సంగటి రెండూ పెట్టుకోవద్దు. ఒక్కదానికే కడుపు నిండుతుంది. వైజాగ్ వాళ్లకు మా ఓటు సంగటికే. కొట్టువాళ్లను రెండు ఖాళీ ప్లేట్లు అదనంగా అడిగి తీసుకోవడం మరవకండి, పంచుకునేటప్పుడు ఎంగిలి బాధ ఉండదు.

ప్రశ్న: కారం దోసె తిన్న తర్వాత ఏది తిన్నా మంటే తప్ప రుచి తెలియడం లేదు. నీళ్లు ఎన్ని తాగినా తగ్గదు. ఎందుకు?
– కడప

జవాబు: మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. నీళ్లు తాగితే అది నోరంతా పరుచుకుంటుందే తప్ప పోదు. పాలు, పెరుగు, చిక్కటి మజ్జిగలో కేసిన్ అనే మాంసకృత్తి ఉంటుంది. అది ఈ మంటను పట్టి లాగేస్తుంది. ఒక గుక్క నోట్లో అటూ ఇటూ తిప్పి మింగండి. మజ్జిగ నీళ్లలా పల్చగా ఉంటే ప్రయోజనం తక్కువ. నన్నారి షర్బత్ చల్లగా హాయిగానే ఉంటుంది కానీ, ఆ తీపి మధ్యలో నోట పడితే తర్వాత వచ్చే పులుసు చప్పగా తోస్తుంది. దాన్ని ఓళిగల తర్వాతకు ఉంచుకోండి. మరీ మంట తట్టుకోలేని వాళ్లకు ఎర్రకారం సగమే పూసి, పుట్నాల పప్పులతో కొట్టే పప్పులపొడి ఎక్కువ చల్లమని దోసె పోసేటప్పుడే చెప్పాలి. పూశాక చెప్పి లాభం లేదు.

ప్రశ్న: కొన్ని బండ్ల దగ్గర ఉగ్గాని పొడిపొడిగా ఉంటుంది. కొన్నిచోట్ల, మా ఇంట్లో కూడా, ముద్దైపోతుంది. తేడా ఎక్కడ?
– అనంతపురం

జవాబు: నానబెట్టడంలో. నలుగురికి పావుకిలో బొరుగులు తీసుకోండి. నీళ్లలో వేసి చేత్తో అదుముతూ ఉండాలి, గింజ మధ్యలో కొంచెం పలుకు మిగిలి ఉండగానే తీసేయాలి. గడియారం చూడకండి. పల్చటి బొరుగులు నిమిషంలోనే మెత్తబడతాయి, మందమైనవి ఇంకాసేపు తీసుకుంటాయి, వేలితో నొక్కి చూడటమే పద్ధతి. రెండు అరచేతుల మధ్య గట్టిగా పిండాలి, ఇక్కడే చాలామంది మొహమాటపడతారు. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో బొరుగులు వేశాక మూత పెట్టొద్దు. పెడితే ఆవిరి మళ్లీ బొరుగుల్లోకే దిగుతుంది. టమాటా వేసేవాళ్లు దాని నీరంతా ఇగిరిపోయాకే బొరుగులు వేయాలి. నాలుగు చెంచాల పప్పులు, రెండు చెంచాల ఎండుకొబ్బరి, మూడు తెల్లగడ్డ రెబ్బలు పొడి కొట్టి, పొయ్యి ఆపిన తర్వాత కలపండి. మిగిలిన తడిని ఆ పొడి పీల్చుకుంటుంది. నిమ్మరసం అన్నిటికన్నా చివర.

ప్రశ్న: మా మనవడికి చెనిక్కాయలు (వేరుశనగలు) పడవు. ఫుడ్ కోర్టుకు తీసుకుపోవచ్చా?
– అనంతపురం

జవాబు: తీసుకుపోవచ్చు గానీ చాలా జాగ్రత్త కావాలి, ఎందుకంటే మన వంటల్లో చెనిక్కాయ కంటికి కనపడని చోట్ల ఉంటుంది. దోసె చట్నీలో, గుత్తివంకాయ మసాలాలో, ఒక్కోచోట కోడి పులుసు చిక్కదనానికి, మసాలా బొరుగుల్లో. పప్పులపొడిలో పప్పులు తగ్గించి చెనిక్కాయలు కలిపేవాళ్లూ ఉంటారు. “చెనిక్కాయలు వేశారా” అని మాత్రమే అడిగితే చాలదు, పొడిలో ఏముంది, చట్నీ గరిటె వేరేదాంట్లో పెడుతున్నారా, ఏ నూనె వాడుతున్నారు అని విడివిడిగా అడగండి. బాగా శుద్ధి చేసిన చెనిక్కాయ నూనెలో మాంసకృత్తులు దాదాపు ఉండవు, గానుగ నూనెలో మిగులుతాయి, పడనివాళ్లకు చేటు చేసేవి అవే. ఏ నూనెయినా సరే, బాబు డాక్టరును అడిగాకే నిర్ణయించుకోండి. కొట్టువాళ్లు తడబడితే ఆ పూట ఇంటి తిండే పెట్టండి. పెదవులు వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: బజ్జీల నూనె మంచిదో కాదో బయటి నుంచి ఎట్లా తెలుస్తుంది?
– కర్నూలు

జవాబు: బజ్జీ వేసినప్పుడు నూనెలో పెద్ద బుడగలు లేచి వెంటనే పగిలిపోవాలి. సన్నటి నురుగు పైన అట్లాగే నిలబడితే ఆ నూనె చాలాసార్లు కాగిందని. బజ్జీ వేయకముందే పొగ రావడం, బాణలి అంచున జిగురు కట్టడం కూడా అదే చెబుతాయి. నూనె పదేపదే కాగితే అందులో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రత నిబంధన ఉంది. దాన్ని కొలవడానికి పరికరం కావాలి, మనకు కన్నూ ముక్కే ఆధారం. బజ్జీలు వార్తాపత్రిక కాగితంలో ఇస్తే తీసుకోవద్దు, అచ్చు సిరా నూనెలోకి దిగుతుంది. విస్తరాకు ముక్కలో గానీ స్టీలు ప్లేటులో గానీ అడగండి. కొట్టు దగ్గర 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు నంబరు తగిలించి ఉందో లేదో కూడా చూడండి.