టెక్ సందేహాలు: సెల్ఫ్ తిరుగుతోంది, డీజిల్ కారు స్టార్ట్ కావట్లేదు

ప్రశ్న: మాది మధురవాడ. 2016 మోడల్ డీజిల్ కారు. పది రోజుల క్రితం సర్వీసు చేయించి తెచ్చి, ఊరెళ్తూ సెల్లార్‌లో పెట్టాను. వారం తర్వాత చూస్తే సెల్ఫ్ బాగానే తిరుగుతోంది గానీ ఇంజన్ అందుకోవట్లేదు. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొని ఫోన్‌కి కలిపితే పీ0087 అని చూపించింది. మెకానిక్ హైప్రెషర్ పంపు మార్చాలంటున్నాడు. మార్చేయమంటారా?

జవాబు: వద్దండీ, ఇప్పుడే ఒప్పుకోకండి. పీ0087 అంటే ఫ్యూయల్ రైల్‌లో, అదే ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు దాన్ని అందించే గొట్టంలో, ఉండాల్సినంత ప్రెషర్ లేదని, అంతే. ఎందుకు లేదో ఆ కోడ్ చెప్పదు. మేడమీద కుళాయికి నీళ్లు రాకపోతే మోటారు కాలిపోయిందనే అనుకోం కదా, సంపు ఖాళీ అయి ఉండొచ్చు, పైపులో గాలి పట్టి ఉండొచ్చు. ఇదీ అలాంటిదే, పైగా పంపు అన్నింటికంటే ఖరీదైన అనుమానం కాబట్టి దాని దగ్గరికి ఆఖర్న వెళ్లాలి.

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. మీ కారులాంటి, అన్ని ఇంజెక్టర్లకూ ఒకే రైల్ ఉండే కామన్ రైల్ ఇంజన్లలో ఇంకో మెలిక ఉంది: ప్రెషర్ ఒక స్థాయికి చేరేదాకా ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) ఇంజెక్టర్లను తెరవనే తెరవదు. అందుకే సెల్ఫ్ ఎంత కొట్టినా చలనం ఉండదు. ఒకరిని సెల్ఫ్ కొట్టమని మీరు వెనక నిలబడి సైలెన్సర్ చూడండి. తెల్లటి పొగా, డీజిల్ వాసనా వస్తే ఇంధనం లోపలికి వెళ్తోంది, మండట్లేదు. పొగే లేకపోతే అసలు వెళ్లట్లేదు.

ఇప్పుడు మీరు కొన్న స్కానర్‌కి అసలు పని. కోడ్‌ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఎరేజ్ మాత్రం చేయకండి, ఎందుకంటే చెరిపేస్తే దాంతోపాటు ఆ క్షణంలో నమోదైన ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలూ పోతాయి. తర్వాత యాప్‌లో లైవ్ డేటా తెరిచి రైల్ ప్రెషర్, ఆర్‌పీఎం, బ్యాటరీ వోల్టేజ్ మూడూ ఒకే స్క్రీన్‌మీద పెట్టి సెల్ఫ్ కొట్టండి. పది సెకన్లకు మించి కొట్టొద్దు, మళ్లీ కొట్టేముందు కనీసం అర నిమిషం ఆగండి, లేకపోతే స్టార్టర్ మోటారు వేడెక్కి అదీ పోతుంది. చాలా కార్లకు స్టార్ట్ కావడానికి దాదాపు 200 బార్ కావాలి. కొన్ని యాప్‌లు కిలోపాస్కల్స్‌లో చూపిస్తాయి, అప్పుడు 20,000 దగ్గర ఉండాలి. ఇంజన్ తిరుగుతున్నా ఆర్‌పీఎం సున్నా దగ్గరే ఉంటే కథ వేరు, ఇంజన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సర్‌ని అనుమానించాలి.

నాకు మీ ఉత్తరంలో బాగా ఆనింది ఆ సర్వీసు సంగతే. సర్వీసులో డీజిల్ ఫిల్టర్ మార్చారా? బిల్లు చూడండి. ఫిల్టర్ రబ్బరు సీలు సరిగ్గా కూర్చోకపోతే సన్నగా గాలి లాగుతుంది. రోజూ తిరిగే బండిలో అది బయటపడదు, వారం ఆగితే పైపులోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోయి ఎయిర్ పట్టేస్తుంది. ట్యాంకులో డీజిల్ బాగా తక్కువగా ఉండి కారు సెల్లార్ ర్యాంపు మీద వాలుగా ఉన్నా ఇదే జరగొచ్చు, కాబట్టి ముందు ఓ పది లీటర్లు పోసి చూడండి. ఫిల్టర్ దగ్గర హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కే చిన్న పంపు) ఉంటే గట్టిపడేదాకా నొక్కి సెల్ఫ్ కొట్టండి. అప్పుడు స్టార్ట్ అయి, మర్నాడు మళ్లీ మొరాయిస్తే గాలి ఎక్కడో లాగుతోందన్నమాటే. ఫిల్టర్ తర్వాత కాసేపు పారదర్శకమైన గొట్టం బిగించమంటే బుడగలు కంటికే కనిపిస్తాయి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే ఇంజెక్టర్ల రిటర్న్ లీకేజీ టెస్ట్ చేయమని అడగండి. ఒక్క ఇంజెక్టర్ అరిగినా ప్రెషర్ మొత్తం వెనక్కి కారిపోతుంది, నింద పంపు మీద పడుతుంది. ఆ పరీక్ష చేయకుండా పంపు విప్పనివ్వకండి.

ఒక హెచ్చరిక, దయచేసి తేలిగ్గా తీసుకోకండి: పాత డీజిల్ బండ్లలో చేసినట్టు ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి ఎయిర్ తీయడం కామన్ రైల్‌లో చేయకూడదు. ఆ ప్రెషర్‌కి చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్తుంది.

చలిలో స్టార్ట్ కావడానికి ఇంజన్ లోపల వేడి పుట్టించే గ్లో ప్లగ్‌లా అంటే, లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున అయితే మొదట వాటినే చూడమనేవాణ్ణి. విశాఖ వాతావరణంలో, అదీ పీ0087తో, వాటి జోలికి ఇప్పుడు వెళ్లక్కర్లేదు.

ప్రశ్న: పెదవాల్తేరులో ఉంటాం, కారు ఆరుబయటే. కీ తిప్పితే టకటకమంటోంది, ఇంజన్ తిరగట్లేదు. బ్యాటరీ మార్చి ఆరు నెలలే.

జవాబు: బీచ్ పక్కన ఉప్పుగాలికి టెర్మినళ్లు చిలుము పడతాయి, ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట తుప్పు పడుతుంది. ఇంకో బ్యాటరీ కొనకముందు మల్టీమీటర్ పెట్టండి. బండి ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టులు ఉంటే ఛార్జ్ నిండుగా ఉన్నట్టు, 12 కంటే తక్కువైతే దిగిపోయినట్టు. తర్వాత మీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్‌కి, రెండోది ఇంజన్ మీద పెయింట్ లేని లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే తప్పు ఎర్త్‌లో ఉంది, బ్యాటరీది కాదు. శుభ్రం చేసేటప్పుడు మైనస్ ముందు విప్పండి, బిగించేటప్పుడు ఆఖర్న బిగించండి. వంటసోడా కలిపిన నీళ్లతో తోమి, బాగా ఆరాక పెట్రోలియం జెల్లీ రాస్తే మళ్లీ త్వరగా పట్టదు.

ప్రశ్న: ఓబీడీ స్కానర్ ఐఫోన్‌కి కనెక్ట్ కావట్లేదు. ఇంకోటి, దాన్ని ఎప్పుడూ కారులోనే ఉంచేయొచ్చా?

జవాబు: చౌకగా దొరికే పాత బ్లూటూత్ రకం ఆండ్రాయిడ్‌కే పనికొస్తుంది. ఐఫోన్‌కి బ్లూటూత్ ఎల్‌ఈ గానీ వైఫై గానీ ఉన్నది తీసుకోండి. ఉంచేయడం మాత్రం వద్దు, చాలా కార్లలో ఆ పోర్టుకి కీ తీసేసినా కరెంటు అందుతూనే ఉంటుంది, వారాల తరబడి కదలని బండిలో బ్యాటరీ దిగిపోతుంది.