ఎల్ఫెన్‌ల్యాండ్ బోర్డు గేమ్ పిల్లలతో ఆడాలంటే ఏ రూల్స్ మార్చుకోవచ్చు, ఏవి ముట్టుకోకూడదు?

ఇంట్లో అయిదుగురం, అందులో ముగ్గురు పిల్లలు, చిన్నోడికి ఎనిమిదేళ్లు, రూల్స్ చదివితే తల తిరుగుతోంది, రోడ్డు మీద ఎవరు పెట్టిన టోకెన్ (ఆ దారిలో డ్రాగన్, పంది లాంటి ఏ వాహనం నడుస్తుందో చెప్పే బిళ్ల) వాళ్లే వాడుకోవాలని మార్చేస్తే తేలికవుతుందా అని అడిగారు. పనిలో పనిగా ఇద్దరే ఉన్నప్పుడు ఎలా ఆడాలి, ఇంకేమైనా వేరియంట్లు ఉన్నాయా అని కూడా అడిగారు. మాది అమలాపురం పక్కన పల్లెటూరండి. సెలవులొస్తే అక్కచెల్లెళ్ల పిల్లలందరూ మా ఇంట్లోనే ఉంటారు, వాళ్లతో ఈ ఆట ఏళ్ల తరబడి ఆడుతున్నాం కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

ఆ టోకెన్ల మార్పు మాత్రం చేయకండి. ఆట ప్రాణమే అక్కడుంది. వైకుంఠపాళిలో మన గవ్వలు మనవి, మన నిచ్చెన మనది, పక్కవాడి పావు ఎక్కడుంటే మనకేంటి. ఇక్కడ అలా కాదు. రోడ్డు మీద ఒక్క టోకెనే పట్టేది, అది ఎవరు పెట్టినా ఆ రౌండులో అందరిదీ. మా మేనకోడలు ఒకసారి ఎడారి దారిలో డ్రాగన్ టోకెన్ పెట్టింది, ఎడారిలో ఒక్క కార్డుతో దాటేది డ్రాగన్ ఒక్కటే మరి. తనకోసం పెట్టుకుంది, కానీ ఆ దారిలోనే అవతలి ఊరికి వెళ్లాల్సిన వాళ్ల పెదనాన్న చేతిలో రెండు డ్రాగన్ కార్డులున్నాయి, ఆయన ఏమీ మాట్లాడకుండా తన టోకెన్ ఆ తర్వాతి రోడ్డు మీద పెట్టుకున్నాడు. దాంతో ఈ పిల్లకి ఇంకో ఊరు కలిసొచ్చింది. ఇలా ఒకరి దారి ఇంకొకరికి పనికొస్తుంటుంది, ఒక్కోసారి కావాలనే వేరే బండి టోకెన్ పెట్టి దారి చెడగొడతారు కూడా. ఎవరిది వాళ్లకే అంటే ఇదంతా పోయి ఎవరి లెక్కలు వాళ్లు చేసుకుంటూ కూర్చుంటారు, ఒకే బల్ల చుట్టూ ఉన్నామన్న మాటే గానీ కలిసి ఆడినట్టు ఉండదు.

అసలు రూల్స్ మీరనుకున్నంత కష్టం కాదు, బుక్ పక్కన పెట్టి ఇలా చూడండి. అందరి బూట్లూ (అవే మన పావులు) రాజధాని ఎల్వెన్‌హోల్డ్‌లో మొదలవుతాయి, నాలుగు రౌండ్లలో ఇరవై ఊళ్లలో ఎన్ని ఎక్కువ తిరిగితే అంత గెలుపు. ప్రతి రౌండులో చేతిలో ఎనిమిది ప్రయాణం కార్డులు ఉండేలా తీసుకుంటారు. ఒక టోకెన్ చూపించకుండా తీసి దాచుకుని, తర్వాత బోర్లించని అయిదింట్లోంచి ఒక్కొక్కటి చొప్పున మూడు ఎంచుకుంటారు. వంతులవారీగా వాటిని రోడ్ల మీద పెడతారు, ఇక చాలనుకుంటే పాస్, అందరూ వరసగా పాస్ అంటే ఆ ఘట్టం అయిపోయింది. అప్పుడు ఒక్కొక్కరూ రోడ్డు మీది టోకెన్‌కి సరిపోయే కార్డులు వేస్తూ బూటుని నడుపుకుంటూ పోతారు. రౌండు చివర మిగిలిన టోకెన్లలో ఒక్కటే ఉంచుకోవచ్చు.

పిల్లలకి టెన్షన్ పెట్టేది చార్టు, అంటే ఏ బండి ఏ నేల మీద ఎన్ని కార్డులు తింటుందో అది. పంది మైదానం, అడవి రెండింట్లోనూ ఒక్క కార్డే, ఎడారీ కొండా ఎక్కదు. మేఘం కొండ మీద ఒకటి, మైదానంలోనూ అడవిలోనూ రెండు. యూనికార్న్ అడవి, కొండల్లో ఒకటి, ఎడారిలో రెండు, మైదానంలో అసలు నడవదు. ట్రోల్ బండి ఎక్కడికైనా పోతుంది గానీ మైదానం తప్ప అంతటా రెండు అడుగుతుంది. దీన్ని బట్టీ పట్టించకండి, అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి ఒక్కొక్కరి ముందూ పెట్టండి. మా ఇంట్లో మొదటి ఆటలోనే ఎనిమిదేళ్లవాళ్లు చార్టు చూడటం మానేశారు.

తేలిక చేయాలనుకుంటే మార్చాల్సినవి వేరే ఉన్నాయి. మొదటి ఆటలో అడ్డంకి టోకెన్ తీసేయండి (ఇది ఆట మొత్తంలో ఒక్కొక్కరికీ ఒకటే వస్తుంది, ఎవరి దారిలోనైనా పెడితే ఒక కార్డు అదనంగా పడుతుంది), చిన్నపిల్లలు దాన్ని మనసుకి తీసుకుంటారు. దాచుకునే టోకెన్ కూడా మొదట్లో అందరికీ కనిపించేలా పెట్టేయండి, పక్కన కూర్చున్న పెద్దవాళ్లు సలహా చెప్పడానికి వీలుగా ఉంటుంది. కారవాన్ రూలు మాత్రం తప్పకుండా ఉంచండి. టోకెన్ ఉన్న రోడ్డు మీద దానికి సరిపోయే కార్డు మన దగ్గర లేకపోతే ఏవైనా మూడు కార్డులు ఇచ్చి దాటొచ్చు. దీని వల్లే ఏ పిల్లాడూ ఊరు కదలకుండా రౌండంతా కూర్చునే పరిస్థితి రాదు.

రెండో ఆట నుంచి సొంతూరు వేరియంట్ పెట్టండి, నా దృష్టిలో ఇది లేకపోతే ఆట సగమే. మొదట్లో ప్రతివాళ్లకీ రహస్యంగా ఒక ఊరి కార్డు ఇస్తారు. ఆట అయ్యాక బూటు ఆ ఊరికి ఎన్ని ఊళ్ల దూరంలో ఉంటే అన్ని పాయింట్లు కోత. ఇది లేనప్పుడు నాలుగో రౌండులో అందరూ మిగిలిన ఊళ్ల వెంట పడి పరిగెడతారు, ఉన్నప్పుడు ఇంకొక్క ఊరు చూసి రావాలా, ఇంటివైపు తిరగాలా అని చివరిదాకా గుంజుకుంటూనే ఉంటారు. పిల్లలు ఎదుటివాళ్ల సొంతూరు ఏదో కనిపెట్టడానికి చేసే ఆరాలు చూడాలి.

ఇద్దరే అయితే రోడ్లు బోసిపోతాయి. అయిదుగురికి రౌండుకి దాదాపు ఇరవై టోకెన్లు బోర్డు మీదకొస్తే ఇద్దరికి ఎనిమిదే. అందుకని మేం చేసేదేంటంటే, టోకెన్లు పెట్టడం మొదలవ్వకముందే కట్టలోంచి ఆరు తీసి, చెరొకటి చొప్పున వంతులవారీగా ఖాళీ రోడ్ల మీద పెట్టేస్తాం. ఇది పెట్టెలో రాసిన రూలు కాదండి, మా ఇంటి రూలు, కానీ బాగా నడుస్తుంది.

ఇక మా పిల్లలకి అన్నిటికన్నా ఇష్టమైన వేరియంట్ గోదావరి బోర్డు. అవే కార్డులు, అవే టోకెన్లు, చార్టు పేపర్ మీద మన డెల్టా. ధవళేశ్వరం దగ్గర మొదలు, కింద గౌతమి ఒకవైపు, వసిష్ఠ ఒకవైపు, వసిష్ఠలోంచి చీలే వైనతేయ, వాటి మధ్య రావులపాలెం, కొత్తపేట, అమలాపురం, రాజోలు, అవతలి ఒడ్డున పాలకొల్లు, నర్సాపురం, ఇటు ద్రాక్షారామం, యానాం, ఇలా ఇరవై ఊళ్లు. గీసేముందు ఒక సంగతి చూసుకోవాలి. మన డెల్టా అంతా చదునే కదా అని అన్ని రోడ్లూ మైదానం చేసేస్తే యూనికార్న్ కార్డులు దండగైపోతాయి, మేఘం ఎవరూ ముట్టుకోరు, పందికీ డ్రాగన్‌కీ తేడా ఉండదు. అందుకే కొబ్బరితోటల మధ్య రోడ్లు అడవి, సముద్రం ఒడ్డు ఇసుక ఎడారి, వానాకాలం బురద గట్లు కొండ అని పెట్టుకున్నాం. నాలుగు రకాలూ సుమారు సమానంగా పడేలా చూసుకుంటే చాలు.

నది దగ్గరే మాకు అసలు సరదా. నీటి మీద తెప్ప కార్డులతో పోవాలి, తెప్పకి టోకెన్ అక్కర్లేదు, ప్రవాహంతో దిగితే ఒక కార్డు, ఎదురెక్కితే రెండు, చెరువు దాటితే రెండు అన్నది అసలు రూలు. మేం చెరువు రూలుని పంటు (నది దాటించే పెద్ద పడవ) రేవులకి వాడాం, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికైనా, నర్సాపురం నుంచి సఖినేటిపల్లికైనా రెండు తెప్ప కార్డులు. మా బావ ఒకరోజు సముద్రం పోటు మీదున్నప్పుడు కింది భాగంలో నీళ్లు ఎగువకి తోస్తాయి కదా, అది ఎందుకు పెట్టలేదు అన్నాడు. అప్పట్నించీ రెండో, నాలుగో రౌండ్లు పోటు. యానాం నుంచి, నర్సాపురం నుంచి పైకి మొదటి ఊరి దాకా ఎగువకి ఒక కార్డు, దిగువకి రెండు, అంతకు పైన మామూలే. ఈ ఒక్క రూలుతో చివరి రౌండులో సముద్రం వైపు చిక్కుకున్నవాళ్లకి ఇల్లు చేరే దారి దొరుకుతుంది, సొంతూరు వేరియంట్‌తో కలిపితే ఇంకా బాగుంటుంది.

ఈ ఆట చేసిన అలన్ ఆర్ మూన్‌దే ఎల్ఫెన్‌గోల్డ్ అని ఒక అదనపు పెట్టె ఉంది, అందులో బంగారం, వేలంపాట వస్తాయి. మీ చిన్నోడికి ఇప్పుడే వద్దు. 1998లో జర్మనీలో స్పీల్ డెస్ యారెస్ (ఆ ఏడాది మేటి ఆట) అవార్డు వచ్చింది ఈ మామూలు పెట్టెకే, దీంతోనే చాలాకాలం గడుస్తుంది.

మీరు కూడా బోర్డు గీసుకునేట్టయితే ఏ ఊరికీ ఒక్కటే దారి ఇవ్వకండి, దాని మీద ఎవరైనా అడ్డంకి పెడితే ఆ ఊరివైపు ఇక ఎవరూ చూడరు. అంతర్వేదికి మేం సఖినేటిపల్లి మీదుగా రోడ్డు ఒకటి, నర్సాపురం నుంచి నది వెంట తెప్ప దారి ఒకటి పెట్టాం. బోర్డు గీశాక ఫోటో ఇక్కడ పెట్టండి, రోడ్లు ఎక్కడ తక్కువయ్యాయో చూసి చెప్తాను.