వెర్జెలీని మరణించినది 1606లోనా, 1607లోనా?

ప్రశ్న: ఎలిజబెత్ రాణి కాలంలో లండన్‌లో వెనిస్ పద్ధతి గాజు పాత్రలు చేయించిన జాకొమో వెర్జెలీని మరణ సంవత్సరం ఒక పుస్తకంలో 1606 అని, మరొక దానిలో 1607 అని ఉన్నది. ఏది సరైనది? అంత పాత కాలపు గాజు పనివాని జీవితం మనకు ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండు పుస్తకాలూ ఒకే రోజును చెబుతున్నాయి. ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో, తరువాతి కాలంలో చార్లెస్ డార్విన్ నివసించిన డౌన్ గ్రామపు చర్చిలో, వెర్జెలీని దంపతుల సమాధి మీద ఒక ఇత్తడి ఫలకం ఉన్నది. ఆయన 84 ఏళ్ల వయసులో 1606 జనవరి 20న మరణించినట్లు దానిమీద చెక్కి ఉన్నది. అయితే ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఉగాది వచ్చేదాకా మనకు పాత సంవత్సరమే నడిచినట్లు, అక్కడ జనవరి నెల గడిచే సంవత్సరంలోనే చేరేది. కనుక నేటి లెక్కలో అది 1607.

ఆ ఫలకాన్ని ఓపికగా చదివితే ఇంకా చాలా తెలుస్తుంది. ఆయన పుట్టినది వెనిస్‌లో, భార్య ఎలిజబెత్ పుట్టినది ఆంట్‌వెర్ప్‌లో. వారి దాంపత్యం 49 సంవత్సరాల 4 నెలలు. ఆయన మరణం నుంచి వెనక్కి లెక్కిస్తే పెళ్లి 1557 సెప్టెంబరు ప్రాంతంలో జరిగి ఉండాలి. అప్పటికి ఆయనకు సుమారు 35 ఏళ్లు, 1607 అక్టోబరులో 73వ ఏట మరణించిన ఆమెకు సుమారు 23. నెలలతో సహా లెక్క చెక్కించిన ఆ కుటుంబానికి మనం ఎంతో రుణపడి ఉన్నాము.

వృత్తి విషయాలకు మాత్రం ప్రభుత్వ పత్రాలే ఆధారం. వెనిస్ తరహా పానపాత్రలు చేసే హక్కు 21 ఏళ్లపాటు ఆయనకే ఉండాలనీ, ఆ విద్యను ఆయన ఇంగ్లండ్ దేశస్థులకు నేర్పాలనీ రాణి 1575 డిసెంబరులో ఆజ్ఞాపత్రం ఇచ్చింది. దీన్ని చూసి పని అప్పుడే మొదలైందనుకుంటే పొరబడతాము. అదే ఏడాది సెప్టెంబరు 4న లండన్‌లోని క్రచ్డ్ ఫ్రయర్స్‌లో ఉన్న ఆయన గాజు కర్మాగారం తగలబడి, లోపల పేర్చిన సుమారు 40,000 కట్టెలు బూడిదయ్యాయని ఆనాటి చరిత్రకారులు రాశారు. అంటే ఆజ్ఞాపత్రం చేతికి రాకముందే కొలిమి మండుతూ ఉన్నదన్నమాట. ఇలా ఒక పత్రాన్ని మరొక దానితో సరిచూడకుండా తేదీలు నిర్ణయించకూడదని నా గట్టి నమ్మకం. పత్రాలు వెదికేటప్పుడు జాకొమో అనే పేరుతోనే ఆగిపోవద్దు. సమాధి ఫలకం మీద కూడా ఆయన జేకబ్‌గానే ఉన్నాడు.

ఇక పాత్రల సంగతి. వజ్రపు మొనతో గీసిన సంవత్సరాలు ఉన్న గ్లాసులు కొన్ని నేటికీ మిగిలాయి. 1586 నాటిది బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. వాటిమీద తయారీదారుని పేరు ఉండదు. ఆ సంవత్సరాల్లో లండన్‌లో అటువంటివి చేసే హక్కు ఈయనకే ఉన్నందువల్ల అవి ఆయన కొలిమిలోవని పండితులు భావిస్తున్నారు.