టీమ్‌లో ఒకరి కోడ్ మీద ఇంకొకరి కోడ్ పడిపోకుండా ఏం చేయాలి?

నలుగురు ఒకే రెపోలో (కోడ్ అంతా ఉండే ఉమ్మడి చోటు) పనిచేస్తున్నాం, పుష్ చేసిన (అక్కడికి పంపిన) కోడ్ మర్నాడు పుల్ చేసేసరికి (తిరిగి తెచ్చుకునేసరికి) ఉండటం లేదు, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ ఎందుకు ఆపడం లేదు అని అడిగారు. గిట్ ఆపుతుంది. మీ కాపీ పాతదైతే పుష్‌ని రిజెక్ట్ చేస్తుంది, ఇద్దరూ ఒకే లైన్ మారిస్తే కాన్‌ఫ్లిక్ట్ చూపిస్తుంది, ఏది ఉంచాలో మిమ్మల్నే తేల్చమంటుంది. మీ టీమ్‌లో ఎవరో ఆ హెచ్చరికను పట్టించుకోకుండా దాటేస్తున్నారు. అది ఎక్కడ జరుగుతోందో ముందు పట్టుకోండి, రూల్స్ తర్వాత పెట్టుకోవచ్చు.

విజయవాడలో మా టీమ్ గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తుంది. సరుకు ముమ్మరంగా వచ్చే సీజన్‌లో ఒకరోజు రైతు బిల్లులో టిక్కీకి (మిర్చి బస్తాకి) ఇంత అని పడాల్సిన హమాలీ కూలి పడటం మానేసింది. ఆ లెక్క రాసిన అమ్మాయి "మెయిన్‌లో కలిసింది అన్నా, మీరే చూశారు కదా" అంటోంది. మెయిన్ అంటే అందరి పనీ చివరికి చేరే ప్రధాన బ్రాంచ్, అంటే కోడ్ శాఖ. ఫైలు హిస్టరీ తీస్తే ఆమె కమిట్ (గిట్‌లో నమోదు చేసిన మార్పు) అసలు లేదు. ఆ సాయంత్రం ఆమె పడ్డ టెన్షన్ ఇంకెవరికీ రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కమిట్ నిజానికి అక్కడే ఉంది. మెర్జ్ (రెండు బ్రాంచ్‌లను కలపడం) అయ్యాక ఫైలు ఒకవైపు ఉన్నట్టే మిగిలితే, గిట్ లాగ్ ఆ ఫైలు చరిత్రను కుదించి రెండోవైపు కమిట్లను చూపించదు. ఫుల్ హిస్టరీ ఆప్షన్ పెట్టి చూస్తే బయటపడింది. తరుగు లెక్క సరిచేస్తున్న ఇంకో కుర్రాడికి అదే ఫైలులో కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది. యార్డు నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటే ఎడిటర్‌లో 'యాక్సెప్ట్ ఆల్ కరెంట్' నొక్కేశాడు, అంటే గొడవ ఉన్న చోటల్లా తన కోడే ఉంచేశాడు. హమాలీ కోడ్ మొత్తం పోయింది, ఎర్రర్ ఒక్కటీ రాలేదు.

అందుకే కాన్‌ఫ్లిక్ట్ వస్తే ఆ లైన్లు రాసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకునే తేల్చాలని పెట్టుకున్నాం. మనిషి ఊళ్లో లేకపోతే స్క్రీన్ షేర్ చేస్తాం. రీబేస్‌లో (మీ కమిట్లను ఇంకో బ్రాంచ్ చివరన మళ్లీ పేర్చడంలో) మరీ జాగ్రత్త. అక్కడ 'కరెంట్' అంటే మీ కోడ్ కాదు, మీరు ఏ బ్రాంచ్ మీదికి వెళ్తున్నారో దానిది. మెర్జ్‌కి అలవాటుపడిన వాళ్లు ఇక్కడే తారుమారు చేస్తారు.

కాన్‌ఫ్లిక్ట్‌లు ఎందుకంత ఎక్కువొస్తున్నాయో కూడా చూడండి. ఒకరి ఎడిటర్ సేవ్ చేయగానే ఫైలంతా ఫార్మాట్ చేస్తే, మార్చింది రెండు లైన్లయినా అందరికీ ఫైలంతా కాన్‌ఫ్లిక్టే. ఒకే ఫార్మాటర్ సెట్టింగ్‌ని రెపోలోనే పెట్టండి. విండోస్, లినక్స్ రెండూ వాడుతుంటే లైన్ ఎండింగ్స్‌కి గిట్ యాట్రిబ్యూట్స్ ఫైలు తప్పనిసరి. బ్రాంచ్‌ని వారాల తరబడి నానబెట్టకండి. రోజూ పొద్దున మెయిన్‌ని మీ బ్రాంచ్‌లోకి తెచ్చుకుంటే వచ్చే గొడవ చిన్నదిగా ఉంటుంది.

మెయిన్ బ్రాంచ్‌కి ప్రొటెక్షన్ పెట్టి, రివ్యూ లేకుండా ఏదీ కలవకుండా చేయండి. గిట్‌ల్యాబ్‌లో డిఫాల్ట్ బ్రాంచ్‌కి ప్రొటెక్షన్ ముందే ఉంటుంది, రివ్యూ రూల్ మాత్రం మీరే పెట్టుకోవాలి. సొంత సర్వర్ అయితే నాన్ ఫాస్ట్ ఫార్వర్డ్ పుష్‌లను (అక్కడున్న కమిట్లను చెరిపేసే పుష్‌లను) నిరాకరించే సెట్టింగ్ ఆన్ చేయండి. సొంత బ్రాంచ్‌లో ఫోర్స్ పుష్ (సర్వర్‌లో ఉన్నదాన్ని బలవంతంగా మార్చేయడం) తప్పకపోతే 'ఫోర్స్ విత్ లీజ్' వాడండి, మీరు చివరిసారి చూశాక సర్వర్‌లో బ్రాంచ్ మారి ఉంటే అది పుష్‌ని ఆపుతుంది. ఎడిటర్ వెనకాల తనంతట తాను ఫెచ్ చేస్తుంటే (సర్వర్‌లోని కొత్త కమిట్లను దించుకుంటుంటే) లీజ్ కూడా మోసపోతుంది. దానికి 2.30 వెర్షన్ నుంచి 'ఫోర్స్ ఇఫ్ ఇంక్లూడ్స్' ఉంది, రెండూ కలిపి వాడాలి.

ఇప్పటికే పోయిన మీ కోడ్ సంగతి: మీ మెషీన్‌లోని క్లోన్‌ని (రెపో కాపీని) డిలీట్ చేయకండి. గిట్ రెఫ్‌లాగ్ తెరవండి, మీ కాపీలో బ్రాంచ్‌లు ఏ కమిట్ నుంచి ఏ కమిట్‌కి కదిలాయో రాసుకునే చిట్టా అది. ఏ బ్రాంచ్‌లోనూ లేని కమిట్ల ఎంట్రీలు మామూలు సెట్టింగ్‌లో 30 రోజులు ఉంటాయి. మీ కమిట్ నంబరు దొరికితే దాని మీద కొత్త బ్రాంచ్ ఒకటి పెట్టి, ముందు దాన్ని పుష్ చేసేయండి.