కొత్త ఏసీ పెట్టినా బిల్లు తగ్గలేదంటే

చిరంజీవి అబ్బికి, ఆశీస్సులు.

పాత విండో ఏసీ తీసేసి ఐదు స్టార్ల ఇన్వర్టర్ ఏసీ (గది చల్లబడ్డాక కంప్రెసర్ నెమ్మదించే రకం) పెట్టినా మే నెల బిల్లు అంతే వచ్చిందని రాశావు. మోసపోయామని అప్పుడే అనుకోవద్దు. రూపాయలు పక్కనపెట్టి యూనిట్లు చూడు. పాతదాని చప్పుడు భరించలేక నాలుగు గంటలసేపు నడిపి ఆపేసేవాళ్లు. గంటకు 1.7 యూనిట్ల లెక్కన దాదాపు 7 యూనిట్లు. కొత్తది చప్పుడు లేదు గదా అని తెల్లారేదాకా తొమ్మిది గంటలు నడిపితే, గంటకు 0.8 చొప్పున మళ్లీ ఆ 7 యూనిట్లే. దాని స్టికర్ మీది యూనిట్లు కూడా ఏడాదికి 1600 గంటల వాడకానికి వేసిన లెక్క. పైగా ఏసీ యూనిట్లు బిల్లులో పై శ్లాబులోనే, అంటే యూనిట్ రేటు ఎక్కువుండే మెట్టులోనే పడతాయి.

అసలు శత్రువు నీ నెత్తిమీద ఉంది. మీది పై అంతస్తు. కర్నూలు ఎండకు పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా గదిలోకి వేడి వదులుతూనే ఉంటుంది. రాత్రి పదికి స్టూలెక్కి సీలింగుకు అరచెయ్యి ఆనించి చూడు. వెచ్చగా తగిలితే, నువ్వు కట్టే డబ్బులో చాలాభాగం ఆ కాంక్రీటును చల్లార్చడానికే పోతోంది. మిద్దె కడిగి, పగుళ్లు పూడ్చి, ఎండను తిప్పికొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింట్ రెండు పూతలు వేయించు. పొద్దున్నే వేయాలి, కాలిన స్లాబు మీద వేస్తే పెచ్చులూడుతుంది. పడమటి కిటికీకి లోపల కర్టెన్ కంటే బయట తడిక కట్టడం మేలు. తలుపు కింద సందు మూయడం మరవొద్దు.

తర్వాత ఏసీ బిగింపు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. పైపులు కలిపాక మెకానిక్ వాక్యూమ్ పంపు పెట్టి ఇరవై నిమిషాలైనా లాగాలి. అది లేకుండా కాస్త గ్యాస్ వదిలి గాలి తోసేస్తే లోపల తేమ, గాలి మిగులుతాయి; ప్రెజర్ పెరుగుతుంది, కంప్రెసర్ కరెంటు ఎక్కువ లాగుతుంది. పైపు ఎంత పొడవు పెంచితే అంత గ్యాస్ తూకం వేసి కలపాలి. నట్ల దగ్గర సబ్బు నురగ రాసి చూడు, బుడగలొస్తే లీకే.

బయటి యూనిట్‌ను గ్రిల్లు వేసిన ఇరుకు బాల్కనీలో పెట్టించుంటే మార్పించు. అది వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. ముందు నాలుగడుగులు, వెనక అడుగు ఖాళీ ఉండాలి. మన ఊరి దుమ్ముకు లోపలి ఫిల్టర్ పదిహేను రోజులకోసారి కడగాలి.

18 డిగ్రీల్లో పెడితే గది త్వరగా చల్లబడదు. అక్కడిదాకా దిగే వీలే లేక కంప్రెసర్ నెమ్మదించదు, ఇన్వర్టర్ కొన్న ఫలితం ఉండదు. 26లో పెట్టి ఫ్యాన్ నెమ్మదిగా తిప్పుకోండి.

ఈ వారం ఒక పని చెయ్. రాత్రి పదికి, పొద్దున ఆరుకు మీటరు రీడింగు రాసుకో. ఇంకో రాత్రి ఏసీ లేకుండా అలాగే రాసుకో. రెండింటి తేడాయే ఏసీ తిన్న యూనిట్లు. ఎనిమిది గంటలకు ఐదారు వస్తే ఏసీ బాగున్నట్టే, మిద్దె సంగతి చూసుకో. 26లోనూ పది దాటితే మెకానిక్‌ను పిలిచి ముందు గ్యాస్ సంగతి చూడమను.

ఇట్లు,
మీ మామ